చెయ్యి మారకూడదు

“మొదలుపెట్టిన చెయ్యే పూర్తి చెయ్యాలి. మధ్యలో చెయ్యి మారకూడదు” అంది మా అత్తగారు నాగేంద్రమ్మ, పన్నెండోసారి. పన్నెండు అని లెక్కగా ఎందుకంటున్నానంటే, నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చి పన్నెండేళ్ళయింది, ఏటా మే నెలలో ఆవకాయ కలిపే రోజున ఆవిడ ఈ మాట అంటుంది. నేను పీట మీద కూర్చుని ఉన్నాను. నా ముందు పెద్ద స్టీలు బేసిన్, అందులో కారం, ఆవపిండి, ఉప్పు, గుప్పెడు మెంతులు. పక్కన, పొద్దున్నించీ జీడి తీసి, పొర గీకి, పొడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచిన ముక్కలు. నా కుడిచెయ్యి మోచేతి దాకా ఎర్రగా ఉంది. నీటిచుక్క తగిలితే ఊరగాయ బూజు పడుతుంది కాబట్టి చెయ్యి కడుక్కోవడానికి లేదు, కడుక్కుంటే ఆ చెయ్యి మళ్ళీ బేసిన్లో పెట్టడానికి లేదు. కిటికీ గూట్లో నా ఫోను ఉంది. టైము పదకొండు కావడానికి పది నిమిషాలుంది. సరిగ్గా పదకొండింటికి నేను ఆ ఫోన్లో ఒక బటన్ నొక్కాలి.

“ఒక్క గంట ఆగి మొదలుపెడదామా అత్తయ్యా?” అని పొద్దున్నే అడిగాను. “ముక్కలు ఆగుతాయా? పదిన్నరకి వర్జ్యం పోతుంది, ఆ తర్వాత ఆగేదేముంది?” అందావిడ. ముక్కలు ఆగవు. తోటలో కాయ కోసే మనుషులకి టీ ఆగదు. ఆవిడ బీపీ మాత్ర ఆగదు. ఈ ఇంట్లో ఆగగలిగింది నేనొక్కదాన్నే.

నేను హైదరాబాదు కంపెనీలో పని చేస్తాను, ఆగిరిపల్లి దాటాక తోటల మధ్య ఉన్న ఈ ఇంట్లో కూర్చుని. ఒకప్పుడు మేం హైదరాబాదులోనే ఉండేవాళ్ళం, ఆవకాయకి మాత్రం ఏటా ఇక్కడికొచ్చేవాళ్ళం. కరోనా వచ్చిన ఏడాది మామగారు పోయారు. మా ఆయన ఉదయ్ కిరణ్ ఉద్యోగం మానేసి తోట చూసుకోవడానికి వచ్చేశారు. నేను ఉద్యోగం మానకుండా వచ్చేశాను. ఆయన చేసినదాన్ని త్యాగం అన్నారు చుట్టాలందరూ. నేను చేసినదానికి పేరేం పెట్టాలో ఎవరికీ తోచలేదు, అందుకని అదృష్టం అన్నారు. “ఇంట్లో కూర్చునే జీతం, ఎంత అదృష్టమమ్మా!” కంపెనీ వాళ్ళు మళ్ళీ ఆఫీసుకి రమ్మన్నప్పుడు, “ఇక్కణ్ణుంచే చేస్తున్నావుగా, ఇంక అక్కడికెందుకు?” అన్నారు మా ఆయన. వినడానికి ప్రశ్నలాగే ఉంది గానీ జవాబు కోసం ఆయన ఆగలేదు, మోటారు కట్టెయ్యడానికి వెళ్ళిపోయారు.

మా కంపెనీ ఒక పెద్ద బీమా సంస్థకి సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. పద్నాలుగు టీములున్నాయి. ఒకరు పాలసీలు చూస్తారు, ఒకరు క్లెయిములు, ఒకరు ప్రీమియం కట్టే వెబ్‌సైటు. కోడ్ రాయడం ఒక ఎత్తు, దాన్ని జనం వాడే సర్వర్ల మీదికి ఎక్కించడం ఒక ఎత్తు. ఆ ఎక్కించడాన్నే రిలీజ్ అంటాం. మొదట్లో పద్నాలుగు టీములకీ పద్నాలుగు పద్ధతులుండేవి. ఒక టీములో ఆ పద్ధతి ఒకే పెద్దమనిషి బుర్రలో ఉండేది, ఆయన తిరుపతి వెళ్తే వారం రోజులు రిలీజ్ లేదు. నేను అందరి స్క్రిప్టులూ చదివి, అన్నిటికీ కలిపి ఒకే కోడ్ రాశాను. ఏ టీమైనా వాడుకోవచ్చు, ఎవరైనా తెరిచి చదవొచ్చు, తప్పుంటే ఎవరైనా దిద్దొచ్చు. టెస్టులు అదే చేస్తుంది. ముందు కొద్ది సర్వర్ల మీద మాత్రం పెట్టి చూస్తుంది. తేడా కనిపిస్తే తనంతట తనే పాతదాన్ని తిరిగి పెట్టేస్తుంది. రోజంతా పట్టే పని ఇరవై నిమిషాలకొచ్చింది. దీన్ని రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది, అందులో సగం పప్పు కుక్కర్లో ఉండగా రాసింది. మా మేనేజరు శ్రీధర్ పెద్దవాళ్ళ మీటింగులో దాన్ని చూపించి “మేం చేశాం” అన్నాడు. ఆ మేంలో నేను కూడా ఉన్నానని తర్వాత ఫోన్ చేసి చెప్పాడు.

అంతా దానంతట అదే జరిగిపోయే ఆ కోడ్‌లో ఒక్క మెట్టు మాత్రం మనిషి కోసం ఆగుతుంది. చివర్లో, సర్వర్ల మీదికి వెళ్ళే ముందు, ‘సుప్రజ అనుమతి కావాలి’ అని నిలబడుతుంది. నా ఫోన్లో రెండు బటన్లొస్తాయి. పచ్చది నొక్కితే వెళ్తుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది. బీమా ఆఫీసులు మూసి ఉంటాయి కనుక శనివారం పదకొండింటికి పెట్టుకున్నాం. మూడేళ్ళుగా ప్రతి శనివారం నేను ఆ బటన్ దగ్గర ఉన్నాను. చింతలపూడిలో మా చెల్లెలి గృహప్రవేశంలో అందరూ పాలు పొంగిస్తుంటే నేను సిగ్నల్ కోసం డాబా మీద ఉన్నాను. మా అమ్మాయి సింధూర స్కూల్లో డాన్సు చేసిన రోజున కుర్చీల వెనక నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను, పిల్ల స్టేజి మీంచి నన్ను వెతుక్కుందట. “మా ఆవిడది బటన్ నొక్కే ఉద్యోగంరా” అని మా ఆయన స్నేహితులకి చెప్తారు. వాళ్ళు నవ్వుతారు. నేను టీ కప్పులు తీసుకుని లోపలికొస్తాను. లోపలికొచ్చాక మాత్రం, ఆ కప్పులు అక్కడే గోడకేసి కొట్టాలనిపిస్తుంది. కొట్టను. కడుగుతాను.

నిన్న మధ్యాహ్నం శ్రీధర్ ఫోన్ చేశాడు. “సుప్రజ గారూ, కొత్తగా ప్లాట్‌ఫాం లీడ్ పోస్టు వచ్చిందండీ. మన కోడ్ మిగతా క్లయింట్లందరికీ పట్టుకెళ్ళాలి, టీములకి నేర్పించాలి. రాసింది మీరు కాబట్టి ముందు మిమ్మల్నే అడుగుతున్నాను. కాకపోతే నెలకి రెండు వారాలు హైదరాబాదులో ఉండాలి. మీకు ఇంట్లో కష్టమేమో కదండీ. రేపు నాలుగింటికల్లా చెప్పండి, లేకపోతే సంతోష్ కుమార్‌ని వేసేద్దాం. సోమవారం పదింటికే మొదటి మీటింగు.” సంతోష్ నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు, నా దగ్గరే పని నేర్చుకున్నాడు, మంచివాడు. వాడి మీద నాకు కోపం లేదు. ‘మీకు కష్టమేమో’ అన్న మాట మీద ఉంది. అదే మాట సంతోష్‌ని ఎవరూ అడగరు, వాడికీ ఇల్లుంది, ఇద్దరు పిల్లలున్నారు.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. “రెండు వారాలా? సీజన్లోనా?” అన్నారు మా ఆయన. కాసేపు పెరుగన్నం కలుపుకుని, “సరే, నీ ఇష్టం” అన్నారు. ఆ మాట ఆయన ఎప్పుడన్నా కంచం వైపు చూస్తూనే అంటారు. అత్తగారు తన కంచం తీసుకుని లేచిపోయింది. నాకు నిద్ర పట్టలేదు. ఒప్పుకుంటే ఏమవుతుందో మనసులో రాసుకుంటూ పడుకున్నాను, మాత్రలెవరిస్తారు, సింధూరకి జడెవరు వేస్తారు, డ్రమ్ములో నీళ్ళు ఎవరు చూస్తారు. జాబితా పెరిగేకొద్దీ నాకొక అనుమానం మొదలైంది. ఇవన్నీ నాకు తప్ప ఇంకెవరికీ తెలియకపోవడం ఎలా జరిగింది? నేను ఎవరికైనా చెప్పానా? ఎవరైనా అడిగారా?

ఇదంతా తలలో తిరుగుతుండగా ఇప్పుడు బేసిన్ ముందు కూర్చున్నాను. పైగా ఇవాళ్టి రిలీజ్ క్లెయిముల టీముది. పొద్దున చూస్తే వాళ్ళ సెట్టింగుల్లో ఒకటి తప్పుగా కనిపించింది. “సంతోష్, ఇది ఆపేస్తాను, సోమవారం దిద్ది పంపించమను” అని, శ్రీధర్ కూడా ఉన్న గ్రూపులో మెసేజ్ పెట్టాను. అంటే ఇవాళ నేను నొక్కాల్సింది ఎర్రది. నూనెలో ముంచిన ముక్కల్ని పిండిలో దొర్లిస్తున్నానే గానీ, కళ్ళు గూట్లోనే ఉన్నాయి. “పని మీద ధ్యాస పెట్టు” అంది అత్తగారు. పెట్టాను, రెండు పనుల మీదా.

పదకొండింటికి ఫోన్ మోగింది. అదే సమయానికి మా ఆయన తోటలోంచి మంచినీళ్ళకి లోపలికొచ్చారు. “ఎత్తు, నీ బటనొచ్చింది” అన్నారు నవ్వుతూ. నేను ఎర్రటి చెయ్యి పైకెత్తి చూపించాను. “ఉండు, నేను నొక్కుతాలే” అని ఫోన్ తీసుకుని సింధూర పుట్టినరోజు పాస్‌వర్డుగా కొట్టి తెరిచారు. “వద్దు, వద్దండీ, అది ఆపాలి!” అని నేను లేచేలోపే నొక్కేశారు.

“ఏది నొక్కారు?”

“పచ్చదే. ఎర్రది నొక్కితే ఆగిపోతుందిగా మరి” అన్నారాయన, తెలివైన పని చేసినట్టు.

క్లెయిములంటే హాస్పిటల్ బిల్లులు. తేడా వస్తే ఎక్కడో ఎవరో కౌంటర్ దగ్గర డిశ్చార్జి కాక కూర్చుంటారు. “ఫోన్ నా మొహం ముందు పెట్టండి” అని అరిచాను. ఈ ఇంట్లో నేను అరవడం అదే మొదలు. ఆయన బెదిరిపోయి, రెండు చేతులతో ఫోను పట్టుకుని నా ఎదురుగా కూర్చున్నారు, బొట్టు పెట్టుకోవడానికి అద్దం పట్టుకున్నట్టు. చేతులు రెండూ గాల్లో పెట్టుకుని నేను చూస్తున్నాను. మొదటి నాలుగు సర్వర్ల మీదికి వెళ్ళింది. పరీక్ష మొదలైంది. ఒకటి తప్పింది. రెండోది తప్పింది. తర్వాత అది ఆగింది, వెనక్కి తిరిగింది. ఆరు నిమిషాల్లో పాతదంతా యథాప్రకారం నిలబడింది. మిగతా నూటఇరవై సర్వర్లకి ఏం జరిగిందో కూడా తెలియదు. చివర ఒక సందేశం వచ్చింది: ‘రిలీజ్ విఫలమైంది. పాతదే నడుస్తోంది. ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు.’

ఆ వాక్యం నేను రాసిందే. మూడేళ్ళ క్రితం, ఇదే ఇంట్లో, తెలుగులో కూడా ఒక సందేశం ఉంటే బావుంటుందని సరదాకి పెట్టుకున్నాను. ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు.

“చూశావా, ఏం కాలేదు. ఊరికే కంగారు పడతావు” అన్నారు మా ఆయన.

ఆయన్ని తిట్టాలని నోరు తెరిచాను, తిట్టు రాలేదు. ఎందుకంటే ఆయనన్నది నిజం. ఏం కాలేదు. నేను నొక్కకపోయినా, తప్పుడు చెయ్యి నొక్కినా ఏం కాలేదు. “టెస్టులన్నీ చూసేది, వెనక్కి తీసేది కోడే కదా మేడం, మళ్ళీ మీ అనుమతి ఎందుకండీ?” అని రెండేళ్ళ క్రితం సంతోష్ అడిగాడు. “రిస్కు” అన్నాను. వాడు నమ్మాడు. ఇప్పుడు ఈ పీట మీద కూర్చుని నాతో నేను అబద్ధమాడలేకపోయాను. నేనెందుకు పెట్టుకున్నానంటే, శనివారం పదకొండు నుంచి పన్నెండు దాకా ఈ ఇంట్లో నన్నెవరూ పిలవరు. “అమ్మ బటన్ నొక్కాలి, పిలవద్దు” అని సింధూర గది గుమ్మంలో నిలబడి అందరికీ చెప్తుంది. ఇంకా ఎందుకంటే, నేను లేకపోతే ఆగిపోతుందనే మాట నాకు కావాలి. వంటింట్లోనూ నేను లేకపోతే అన్నీ ఆగిపోతాయి, కానీ అక్కడ ఆ మాట తిట్టులా వస్తుంది. ఆఫీసులో అదే మాట పొగడ్తలా వచ్చేది. ఆ పొగడ్త కోసం మూడేళ్ళ శనివారాలు ఇచ్చేశాను. ఎవరో నన్ను కట్టేశారని ఇన్నాళ్ళూ కుమిలాను. ఈ ముడి మాత్రం నేనే వేసుకున్నాను. నా మీద నాకే ఎంత కోపం వచ్చిందంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకుందామంటే చేతికి కారం.

మళ్ళీ ఫోన్. శ్రీధర్. మా ఆయనే స్పీకర్‌లో పెట్టారు. “సుప్రజ గారూ, ఆపేస్తానన్నారు, పంపేశారేంటండీ?”

“నొక్కింది నేను కాదండీ. మా ఆయన” అన్నాను.

ఫోన్ పట్టుకున్న చేతులు కదిలాయి. అవతల్నుంచి శ్రీధర్ అందుకున్నాడు. “అయ్యో, అలా రాయకండి. ఆడిట్ వాళ్ళు చూస్తారు. మీ చెయ్యి పొరపాటున తగిలిందని రాసేద్దాం, నష్టమేం జరగలేదుగా. ఇకపోతే ఆ లీడ్ సంగతి... ఈ గొడవలో ఇప్పుడు సంతోష్ అయితేనే బావుంటుందేమో ఆలోచించండి. మీరూ ఇంట్లో బిజీగా ఉన్నట్టున్నారు” అని పెట్టేశాడు.

“అలాగే రాసెయ్” అన్నారు మా ఆయన మెల్లిగా. “నా పేరెందుకు అందులో? పరువు పోతుంది. నీ చెయ్యి తగిలిందంటే ఎవరూ ఏమనుకోరు.”

నిజమే, ఎవరూ ఏమనుకోరు. ఆడమనిషి చెయ్యి పొరపాటున తగిలిందంటే అందరూ నమ్ముతారు. నమ్మి, జాలిపడి, పోస్టు ఇంకొకరికిస్తారు.

లేచాను. పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బు తీసుకుని, మోచేతి దాకా కడుక్కున్నాను. ఎర్రనీళ్ళు కాలువ కట్టాయి. “ఏమే, ఏం చేస్తున్నావ్? సగం కూడా కాలేదు!” అని అత్తగారు పెరటి గుమ్మంలోకి వచ్చేసింది. తడి చేత్తో తిరిగి వచ్చి నిలబడ్డాను. ఇంక ఆ చేత్తో బేసిన్ ముట్టుకోవడానికి లేదు, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

“మీరు కూర్చోండి” అన్నాను మా ఆయనతో, పీట చూపించి.

“నేనా? నాకేం తెలుసు?”

“అత్తయ్య చెప్తారు. ఒకచోట చెయ్యి మార్చారుగా, ఇక్కడా మార్చండి. చెయ్యి పొడిగా తుడుచుకోండి ముందు.”

ఆయన తల్లి వైపు చూశారు. ఆవిడ నా తడి చెయ్యి వైపు చూసింది. నేను గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాను.

కోడ్ తెరిచాను. నా పేరున్న ఆ మెట్టు పదకొండు వరుసలు. ఎంత పెద్దదో అనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. వేలు కాసేపు ఆగింది, ఆగలేదంటే అబద్ధం. తీసేశాను. ఏ టీము రిలీజ్ ఆ టీమే ఆపుకునేలా రాసి సంతోష్‌కి పంపించాను. “మేడం, దీన్ని మీరే తీసేస్తున్నారా?” అని అడిగాడు. “నేను పెట్టిందేగా” అన్నాను. చదివి, ఒకచోట తప్పు పట్టుకున్నాడు. దిద్దాను. ఒప్పుకున్నాడు. ఆ తర్వాత రిపోర్టు రాశాను. నొక్కింది నా భర్త అని, నా ఫోను ఇంకొకరి చేతికి అందేలా ఉంచడం నా తప్పని, పద్నాలుగు టీముల పనిని ఒక మనిషి వేలి కింద ఆపి ఉంచడం అంతకన్నా పెద్ద తప్పని, అది కూడా నేనే చేశానని, ఇవాళ తీసేశానని రాశాను. ‘లీడ్ పని నేను చేస్తాను. సోమవారం పదింటికి ఆఫీసులో ఉంటాను’ అని చివర చేర్చాను. రాసిన దాంట్లో సారీ అన్న మాట ఉందేమోనని వెతికి చూసి, పంపేశాను. మూడున్నరయింది. పది నిమిషాలకి శ్రీధర్ నుంచి జవాబొచ్చింది: ‘రండి, మాట్లాడదాం.’ ఇస్తాడో ఇవ్వడో అందులో లేదు. కూర్చోలేక గదిలోనే నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాను. తర్వాత ఆదివారం రాత్రికి నూజివీడు నుంచి బస్సు బుక్ చేశాను.

బయటికొచ్చేసరికి మా ఆయన చొక్కా నిండా కారం. చివరి ముక్కలు జాడీలోకి వేస్తున్నారు. “ఇంత నడుం నొప్పెడుతుందని చెప్పలేదే” అన్నారు నన్ను చూసి. నన్నింకా క్షమాపణ అడగలేదాయన, అడుగుతారని అనుకోను. అత్తగారు జాడీ మూతికి గుడ్డ కడుతోంది. ముడి సరిగ్గా పడటం లేదు. పట్టుకుందామని వంగాను.

“మా అమ్మకి బాలేదని కబురొచ్చినప్పుడు నేను ఇదే కలుపుతున్నాను” అందావిడ, ముడి మీంచి కళ్ళెత్తకుండా. “రెడ్డిగూడెం ఎంత దూరం? చెయ్యి మారకూడదని మా అత్తగారంది. కలిపేసి వెళ్ళాను. వెళ్ళేసరికి అయిపోయింది.”

మా ఆయన చెయ్యి జాడీ మీదే ఆగిపోయింది. నలభై ఏళ్ళ నాటి తల్లి కథ ఆయన కూడా ఇప్పుడే విన్నట్టున్నారు. ముడి నేను బిగించాను. ఆవిడ మూత పెట్టింది. పెట్టి, కొంగుతో జాడీ చుట్టూ కారిన నూనె తుడుస్తూ అడిగింది.

“సోమవారానికి మూడో రోజు. తిరగకలపాలి. నువ్వుంటావా?”

పన్నెండేళ్ళలో ఈ ఇంట్లో నన్నెవరైనా ఉంటావా అని అడగడం అదే మొదటిసారి.

“ఉండను అత్తయ్యా” అన్నాను.